26 గంటలు దాటినా సోలోకి పంపలేకపోయిన విద్యార్థి: ఒక ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ కేస్ స్టడీ

ఇన్‌స్ట్రక్టర్‌గా చాలామందిని మొదటి సోలోకి, అంటే పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా విమానం ఎగరేయడానికి, పంపాను. ఎక్కువమంది విషయంలో ప్రత్యేకంగా రాసుకోవాల్సింది ఏమీ ఉండదు. ఈ కేసు మాత్రం రాసి పెట్టాలనిపించింది. లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు దాదాపు నాలుగు వారాలు పట్టింది. ఆ నాలుగు వారాలూ నేను వెతకాల్సిన చోట వెతకలేదు. విద్యార్థి ఊరు, మా స్కూలు, ఎయిర్‌ఫీల్డ్ వివరాలు తీసేశాను, కొన్ని చిన్న విషయాలు మార్చాను. ఇక్కడ అతన్ని రవి అంటాను. అది అసలు పేరు కాదు.

నేపథ్యం

రవికి అప్పుడు 19 ఏళ్లు. కోస్తా ఆంధ్రలో ఒక చిన్న పట్టణం నుంచి వచ్చాడు. ఇంటర్ ఎంపీసీ. వాళ్ల నాన్నగారు కొంత పొలం అమ్మి, మిగతాది బ్యాంకు లోను తీసుకుని చేర్పించారు. గ్రౌండ్ క్లాసుల్లో బ్యాచ్‌లో మొదటి ముగ్గురిలో ఉండేవాడు. చెక్‌లిస్టు, ఎమర్జెన్సీ డ్రిల్స్ అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. స్ట్రెయిట్ అండ్ లెవెల్, టర్న్స్, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) రికవరీ అన్నీ మామూలు గంటల్లోనే వచ్చాయి.

మా ఎయిర్‌ఫీల్డ్ దక్కన్ పీఠభూమి మీద సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తులో ఉంటుంది. రన్‌వే పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. ట్రైనింగ్ విమానం సెస్నా 152. పక్కపక్కన రెండు సీట్లు, ఎడమ సీటులో విద్యార్థి, కుడి సీటులో ఇన్‌స్ట్రక్టర్. ఇద్దరి ముందూ యోక్ (విమానాన్ని నడిపే స్టీరింగ్ లాంటి పిడి) ఉంటుంది. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. ఈ సంగతి కేసులో తర్వాత ముఖ్యమవుతుంది.

మా దగ్గర సోలో సాధారణంగా 12 నుంచి 20 గంటల మధ్య అవుతుంది. ఆలస్యమైనంత మాత్రాన పైలట్‌గా తక్కువ అని కాదు. కానీ విద్యార్థికి ఆ లెక్క వేరు. మన దేశంలో కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు కావాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా, ఉండాలి. సోలో కాకపోతే ఆ వంద గంటల్లో మొదటి నిమిషం కూడా మొదలు కాదు. పైగా ప్రతి అదనపు డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరే) గంటకూ డబ్బు ఖర్చవుతుంది. రవి 22 గంటలు దాటేసరికి బ్యాచ్‌లో ఏడుగురికి సోలో అయిపోయింది. వాళ్ల ఫోటోలు గ్రూపులో వస్తూనే ఉన్నాయి. ఇంటి నుంచి రోజూ ఫోన్. వాళ్ల నాన్నగారు నేరుగా అడిగేవారు కాదట, "ఇవాళ ఎగిరావా నాన్నా?" అని మాత్రం అనేవారట. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే తనకు అన్నిటికన్నా కష్టంగా ఉండేదని రవి చాలా రోజుల తర్వాత చెప్పాడు.

సమస్య

సర్క్యూట్‌లో, అంటే టేకాఫ్ అయి రన్‌వే పక్కగా చుట్టి వచ్చి మళ్లీ దిగే చుట్టులో, రవి చక్కగా ఎగిరేవాడు. డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా వెళ్లే భాగం) నేల నుంచి 1,000 అడుగుల ఎత్తు పట్టుకుంటాడు, బేస్ టర్న్ (రన్‌వే వైపు మలుపు) సమయానికి చేస్తాడు, ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే భాగం) 65 నాట్లు (గంటకు సుమారు 120 కిలోమీటర్లు), ఫుల్ ఫ్లాప్‌తో (రెక్కల వెనక అంచు పలకలు పూర్తిగా దించి) రన్‌వే మొదలు దాటేటప్పుడు 60 నాట్లు. అక్కడి వరకు నేను కళ్లు మూసుకుని కూర్చోవచ్చు. చివరి 20 అడుగుల్లో మాత్రం అంతా చెదిరిపోయేది.

ఒకరోజు ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు మెల్లగా పైకెత్తడం) మరీ ఎత్తులో చేస్తాడు, విమానం గాలిలో వేలాడి దబ్బున పడుతుంది. మరుసటి రోజు ఆలస్యంగా చేస్తాడు, మూడు చక్రాలూ ఒకేసారి తగులుతాయి. ఒక్కోసారి ముక్కు చక్రమే ముందు తగిలేది, అది ప్రమాదం. మధ్యలో ఒక్కోసారి ముచ్చటైన ల్యాండింగ్, స్టాల్ హారన్ సన్నగా మోగుతుండగా మెయిన్ వీల్స్ నేలను తాకేవి. అలాంటిది ఒకటి వచ్చినప్పుడల్లా ఇక అయిపోయింది, రేపు సోలో చెక్ పెట్టేద్దాం అనుకునేవాణ్ణి. తర్వాతి సర్క్యూట్‌లో మళ్లీ దబ్బున పడేది.

ఇప్పుడు వెనక్కి చూస్తే మొదటి ఆధారం అక్కడే ఉంది. ఎప్పుడూ ఎత్తులోనే ఫ్లేర్ చేసే విద్యార్థికి చూపులో ఒక స్థిరమైన లోపం ఉంటుంది, దాన్ని సరిదిద్దవచ్చు. ఒకసారి ఎత్తులో, ఒకసారి ఆలస్యంగా చేస్తున్నాడంటే అతను నేల దూరాన్ని అసలు తనంతట తాను అంచనా వేయడం లేదని అర్థం. దేని కోసమో ఎదురుచూస్తున్నాడు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

చేసినవి, ఎంతవరకు పనిచేశాయి

మొదట అందరం చేసే పనే చేశాను. సర్క్యూట్లు పెంచాను. సార్టీకి (ఒకసారి ఎగిరి వచ్చే ట్రిప్పుకి) ఎనిమిది టచ్ అండ్ గోలు (నేల తాకి, ఆగకుండా మళ్లీ లేవడం). మూడో రోజుకే ఒక విషయం కనిపించింది. మొదటి నాలుగు ల్యాండింగ్‌లు ఎలా ఉన్నా, ఐదో దాని నుంచి దిగజారేవి. భుజాలు బిగుసుకుపోయేవి, యోక్ పట్టిన వేళ్లు తెల్లబడేవి. అలసిపోయిన మనిషితో ఎనిమిదోసారి చేయిస్తే అతనికి వచ్చేది అలసట అలవాటే. ఐదుకి తగ్గించాను.

రెండోది టైం. అది మార్చి నెలాఖరు. రవి స్లాట్లు ఎక్కువగా మధ్యాహ్నం పూట పడుతున్నాయి. మా ఎత్తులో స్టాండర్డ్ ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. మధ్యాహ్నం 38 ఉంటే 27 డిగ్రీల తేడా. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి విమానానికి ఉన్నట్టు లెక్కగట్టే ఎత్తు) 5,000 అడుగుల దాకా పోతుంది. మీటర్ మీద 60 నాట్లే ఉంటుంది, కానీ నిజంగా గాలిలో వేగం అంతకంటే సుమారు 8 శాతం ఎక్కువ. కళ్ల ముందు రన్‌వే ఇంకా వేగంగా దూసుకొస్తుంది. దానికి తోడు వేడి గాలి పైకి తన్నుతుంటుంది. నేల దూరం అంచనా వేయడం నేర్చుకునే వాడికి ఇది సరైన సమయం కాదు. డిస్పాచ్‌తో (విమానాలు, టైములు కేటాయించే విభాగం) మాట్లాడి ఉదయం ఆరున్నర స్లాట్ ఇప్పించాను. అప్పుడు 24 డిగ్రీలు, గాలి దాదాపు ఉండదు. కొంత మెరుగైంది. మార్చాల్సిన మార్పే, కానీ జబ్బు అది కాదు.

మూడోది నేను సిగ్గుపడాల్సిన విషయం. రవి పొట్టిగా ఉంటాడు. మా 152ల్లో పొట్టివాళ్లు కుషన్ వేసుకుని కూర్చుంటారు. డిస్పాచ్ గదిలో మూడు నాలుగు రకాల కుషన్లు ఉండేవి, ఎవరికి ఏది దొరికితే అది. అంటే రవి కళ్లు రోజుకో ఎత్తులో ఉంటున్నాయి. ఫ్లేర్‌లో ముక్కు పైకి లేచినప్పుడు రన్‌వే అవతలి కొస ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) వెనక దాగిపోతుంది. 20 గంటలు ఎగిరాక గానీ నేను ఇది గమనించలేదు. అతనికి ఒకే కుషన్ కేటాయించి దాని మీద మార్కర్‌తో గుర్తు పెట్టించాను. లెవెల్ ఫ్లయిట్‌లో కౌలింగ్ అంచుకీ హొరైజన్‌కీ మధ్య తన వేళ్లతో ఎంత దూరం ఉందో చూసుకోమన్నాను. నాలుగు వేళ్లు. రోజూ ఎక్కగానే సీటు అదే లెక్కకి సర్దుకునేవాడు. దీనివల్ల పడిపోయే ల్యాండింగ్‌లు సగానికి తగ్గాయి. కారణం దొరికింది అనుకున్నాను. 24 గంటల దగ్గర మళ్లీ ఆగిపోయాడు.

ఈ మొత్తం కాలంలో ఇంకో పని కూడా చేస్తూ వచ్చాను, అది పని అని తెలియకుండానే. ఎక్కువ చెప్పడం. ఎంత తప్పుతుంటే అంత ఎక్కువ చెప్పాను.

ఇంకొకరి కళ్లు

ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చి చూడటం మా వృత్తిలో మామూలే, కానీ మనసుకి అంత తేలిక కాదు. నా విద్యార్థిని నేను పంపలేకపోయాను అని ఒప్పుకున్నట్టు ఉంటుంది. రెండు రోజులు ఆలోచించాను. నా పరువు కోసం ఇంకో మూడు గంటలు వాళ్ల నాన్నగారి డబ్బు ఖర్చు చేయించడం న్యాయం కాదనిపించి, ఒక సీనియర్ సహోద్యోగిని రవితో ఒక సార్టీ ఎగరమని అడిగాను. ముందుగా నా అభిప్రాయం ఏమీ చెప్పలేదు. చెబితే ఆయన కూడా అదే చూస్తారు.

దిగాక ఆయన అన్నది ఒకే మాట. "ఫ్లేర్ ముందు ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఎవరో ఏదో చెబుతారని ఎదురుచూస్తున్నట్టు." ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఆయన మాట్లాడని చోటల్లా రవి ఆలస్యంగా ఫ్లేర్ చేశాడు.

మరుసటి రోజు స్కూలు అనుమతి తీసుకుని వెనకాల చిన్న కెమెరా బిగించి, ఇంటర్‌కం ఆడియో కూడా అందులో పడేలా పెట్టాం. ఆ రాత్రి గదిలో కూర్చుని చూశాను. బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగిన దగ్గర నుంచి చక్రాలు తగిలే దాకా, ఒకే ల్యాండింగ్‌లో, నేను 17 సార్లు మాట్లాడాను. స్పీడ్ చూడు. కొంచెం పవర్. సెంటర్‌లైన్. ఇప్పుడు. ఇంకా. ఇంకా. హోల్డ్. నేను మాట ఆపిన చోట అతని చేయి కూడా ఆగుతోంది.

అంతకన్నా బాధ పెట్టింది ఇంకొకటి. నా కుడి చేతి రెండు వేళ్లు యోక్ కింద ఉన్నాయి. ఫ్లేర్ సమయంలో ముందు నా వేళ్లు కదులుతున్నాయి, ఆ తర్వాతే అతని చేయి. నేను ఎప్పుడూ "నేను కంట్రోల్స్ ముట్టుకోవడం లేదు" అనే చెప్పేవాణ్ణి. నిజంగా అలాగే నమ్మాను.

అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తారు. అక్షరం గుండ్రంగా వస్తుంది, ఇంట్లో అందరూ మురిసిపోతారు. కానీ దిద్దింది పెద్దవాళ్ల చేయి. రవి చేసిన ఆ ముచ్చటైన ల్యాండింగ్‌లన్నీ అవే. నా మాట, నా వేళ్లు సరైన క్షణంలో పడితే మంచి ల్యాండింగ్, అర సెకను ముందు పడితే ఎత్తులో ఫ్లేర్, ఆలస్యమైతే దబ్బు. 24 గంటల్లో అతను ఒక్క ల్యాండింగ్ కూడా సొంతంగా చేయలేదు.

మౌనం విఫలమైన రోజు

కారణం దొరికాక తొందరపడ్డాను. మరుసటి సార్టీలో చేతులు తొడల మీద పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను. ముందు బ్రీఫింగ్‌లో దాని గురించి ఒక్క వాక్యం చెప్పానంతే. రెండో ల్యాండింగ్‌లో ముక్కు చక్రం ముందు తగిలి విమానం ఎగిరింది. రవి యోక్ ముందుకు తోశాడు. బౌన్స్ అయ్యాక ముందుకు తోస్తే రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిగా పడుతుంది, మూడోసారికి నోస్ గేర్ విరిగే అవకాశం ఉంటుంది. "ఐ హావ్ కంట్రోల్" అని ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్లడం) చేశాను.

కింద టీ తాగుతూ అడిగాను, ఆ సమయంలో మనసులో ఏముంది అని. "మీరు మాట్లాడట్లేదంటే ఏదో పెద్ద తప్పే చేశాననుకున్నాను సర్. ఆ తప్పేంటో వెతుక్కుంటుంటే నేల వచ్చేసింది" అన్నాడు.

ఆ ఒక్క మాటలో నాకు చాలా అర్థమైంది. అన్ని వారాలు ప్రతి సెకనూ మాట్లాడిన మనిషి ఒక్కసారిగా ఆగిపోతే అవతలివాడికి అది కోపంలా వినిపిస్తుంది. నేను బాధ్యత అప్పగించాననుకున్నాను. అతని వైపు నుంచి చూస్తే నేను వదిలేసి వెళ్లిపోయాను. మాట తగ్గించాలి, కానీ ఆ ఖాళీలోకి అతని సొంత మాట వచ్చేలా చూసుకుని తగ్గించాలి.

పనిచేసింది

మూడు పనులు కలిపి చేశాను. వాటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. చెప్పగలిగినట్టు రాస్తే అబద్ధమవుతుంది.

మొదటిది నేల మీద. కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని, మొత్తం సర్క్యూట్ చేతులు కదుపుతూ చెప్పమన్నాను. చెక్స్, ఆర్టీ (రేడియో) కాల్స్ ఇంగ్లిష్‌లో గడగడా చెప్పాడు. ఫ్లేర్ దగ్గరకి రాగానే "రౌండ్ అవుట్, హోల్డ్ ఆఫ్" అన్నాడు, చేయి మాత్రం కదల్లేదు. ఆ మాటలు పుస్తకంలోవి, నావి. అతని చేతికి అవి ఏమీ చెప్పడం లేదు. సరే, ఇంట్లో మీ తమ్ముడికి చెప్పినట్టు తెలుగులో చెప్పు అన్నాను. కాసేపు మొహమాటపడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చింది. "ఇప్పుడు చూపు దూరం... రన్‌వే చివరికి... పక్కన నేల పైకి వస్తోంది... కొంచెం లాగు... దిగనివ్వకు... ఇంకొంచెం పట్టు... పట్టు... పట్టు..." చెబుతుంటే చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది. ఆర్టీ, చెక్‌లిస్టు ఇంగ్లిష్‌లోనే ఉండాలి, అందులో రాజీ లేదు. కానీ చేతికి చెప్పుకునే మాట ఏ భాషలో ఉన్నా పర్వాలేదని నాకు ఆ రోజు తెలిసింది. విమానంలో కూడా అతను అవే మాటలు పైకి అనాలి, నేను వినాలి. నా వైపు నుంచి "ఊఁ" తప్ప ఇంకేమీ రాదు.

రెండోది నా మౌనానికి అర్థం ముందే రాసుకోవడం. బ్రీఫింగ్ బోర్డు మీద రాశాను. నేను మాట్లాడలేదంటే అంతా బాగున్నట్టు. నేను కంట్రోల్ తీసుకునేది మూడు సందర్భాల్లోనే: ఫైనల్‌లో స్పీడ్ 55 కిందికి పోతే, రన్‌వే అంచు వైపు జారుతుంటే, బౌన్స్ తర్వాత అతను ముందుకు తోస్తే. మిగతా అన్ని తప్పులూ చేసే హక్కు అతనికుంది. నచ్చకపోతే గో అరౌండ్ చేసే హక్కు కూడా ఉంది, కారణం చెప్పక్కర్లేదు. దాని వరస ఇది: థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట) ఫుల్, కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే మీట) కోల్డ్, ఫ్లాప్ 20 డిగ్రీలకి, స్పీడ్ 55, ఎక్కడం మొదలయ్యాక మిగతా ఫ్లాప్ మెల్లగా. దీన్ని గంటకు రెండుసార్లయినా అతనంతట అతనే ఎంచుకుని చేయాలన్నాను. అప్పటివరకు గో అరౌండ్ అంటే నేను గట్టిగా అరిచే మాట, అతను ఫెయిలైన గుర్తు. నా చేతులు అతనికి కనిపించేలా తొడల మీద పెట్టుకున్నాను.

మూడోది లో ఫ్లయింగ్ రన్. దీని వెనక చిన్న లెక్క ఉంది. ఒక సర్క్యూట్‌కి ఆరేడు నిమిషాలు పడుతుంది. అందులో ఫ్లేర్ నాలుగైదు సెకన్లు. గంటసేపు కొట్టినా అసలు నేర్చుకోవాల్సిన విషయం అతని కళ్ల ముందు ఉండేది ఒక నిమిషం కూడా కాదు. అందుకని రన్‌వే మీద కొంచెం పవర్ ఉంచి, చక్రాలు తగలకుండా, ఐదు నుంచి పది అడుగుల ఎత్తులో రన్‌వే వెంబడి ఎగరమన్నాను. 60 నాట్లంటే సెకనుకి 31 మీటర్లు. 1,200 మీటర్లు అలా వెళితే దాదాపు 39 సెకన్లు. ఒక్క రన్‌లో ఎనిమిది ల్యాండింగ్‌ల చూపు దొరుకుతుంది. థ్రాటిల్ నా చేతిలో, పిచ్ (ముక్కు ఎత్తడం, దించడం) అతని చేతిలో. గాలి లేని ఉదయం పూట, పొడవైన రన్‌వే మీద, మిగిలిన రన్‌వే ఎంత ఉండగా పైకి వెళ్లాలో ముందే అనుకుని మాత్రమే చేయించాలి. పొట్టి రన్‌వేల మీద దీన్ని సిఫారసు చేయను.

మొదటి రన్‌లో పైకీ కిందికీ ఊగాడు. మూడో రన్‌లో, సగం దూరం వెళ్లాక, అతని భుజాలు దిగడం చూశాను. "సర్, నేల కనిపిస్తోంది" అన్నాడు. ఎదురుగా కాదు, పక్కన. చూపు దూరంగా రన్‌వే కొసన నిలిపితే, నేల ఎంత దగ్గరుందో కంటి పక్క చూపుకి తెలుస్తుంది. ఆ మాట నేను అతనికి కనీసం వందసార్లు చెప్పి ఉంటాను.

తర్వాతి మూడు సార్టీల్లో 14 ల్యాండింగ్‌లు. కంట్రోల్ ఒక్కసారి కూడా తీసుకోలేదు. అన్నీ అందంగా లేవు. రెండుసార్లు బెలూన్ అయింది (ఫ్లేర్‌లో విమానం మళ్లీ పైకి లేచింది), ఒకసారి పట్టి ఉంచి సరిచేశాడు, రెండోసారి గో అరౌండ్ చేశాడు. నాకు కావాల్సింది అదే. ఆ గో అరౌండ్ తర్వాతే సీఎఫ్ఐ (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్) గారికి సోలో చెక్ కోసం పేరు ఇచ్చాను.

ఇవాళ వద్దు సర్

చెక్ బాగానే అయింది. టేకాఫ్ తర్వాత ఇంజిన్ ఆగిపోయినట్టు పరీక్ష పెట్టారు. రవి ముక్కు దించి, వెనక్కి తిరిగే ప్రయత్నం చేయకుండా నేరుగా ముందున్న పొలం ఎంచుకున్నాడు. మరుసటి రోజు ఉదయం నాతో రెండు డ్యూయల్ సర్క్యూట్లు చేసి, బాగుంటే సోలో.

ఆ రోజు విమానం ఆలస్యంగా దొరికింది. మొదలుపెట్టేసరికి ఎనిమిదిన్నర. రెండు సర్క్యూట్లూ చక్కగా చేశాడు. ట్యాక్సీవే మీద ఆగాం. గాలి 8 నాట్లు, రన్‌వేకి 30 డిగ్రీల కోణంలో. అంటే క్రాస్‌విండ్ (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి) 4 నాట్లు. మా స్కూల్లో మొదటి సోలోకి పరిమితి మొత్తం 10, క్రాస్‌విండ్ 5. లెక్క ప్రకారం పంపవచ్చు. నేను పంపే ఉద్దేశంతోనే హెడ్‌సెట్ మీద చేయి వేశాను.

రవి విండ్‌సాక్ (గాలి ఎటు, ఎంత వీస్తోందో చూపే గుడ్డ గొట్టం) వైపు చూస్తూ అన్నాడు. "సర్, ఇందాకటికంటే లేచింది. ఊగుతోంది కూడా. మీరు పక్కన ఉంటే చేస్తాను. ఒక్కడినే అయితే, ఇవాళ వద్దనుకుంటున్నాను."

నిజం చెప్పాలంటే ముందు నాకు నిరాశ కలిగింది. ఐదు వారాలు ఎదురుచూసిన రోజు. "లిమిట్‌లోనే ఉంది కదా" అనే మాట నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. పరిమితి అనేది నేను అతన్ని ఎంతవరకు పంపవచ్చో చెప్పే గీత. అతను వెళ్లాలని చెప్పే గీత కాదు. గాలి ఎటు మారుతోందో గమనించాడు, తన చేతకానిదేదో తనకు తెలుసు, అందరూ చూస్తున్న రోజున దాన్ని పైకి చెప్పాడు. పైలట్ ఇన్ కమాండ్ నుంచి నేను కోరేది ఇంతకంటే ఏముంటుంది? "సరే, రేపు చూద్దాం" అని వెనక్కి ట్యాక్సీ చేయమన్నాను. ఆథరైజేషన్ బుక్‌లో కారణం దగ్గర "స్టూడెంట్ డెసిషన్, విండ్" అని రాసి కింద సంతకం పెట్టాను. ఆ పేజీ అతనికి చూపించాను.

ఆ గంటలో గాలి పెరగలేదు. ఇంకో విద్యార్థి సోలో ఎగిరి హాయిగా దిగాడు కూడా. దాంతో రవి ముఖం చిన్నబోయింది. తప్పు చేశానా సర్ అని అడిగాడు. గాలి పెరగనంత మాత్రాన నీ నిర్ణయం తప్పైపోదు, ఆ క్షణంలో నీకు తెలిసినదాన్ని బట్టి అది సరైనదే అన్నాను. ఇది అతన్ని ఓదార్చడానికి అన్న మాట కాదు. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచే అలవాటు పడితే, తప్పుడు నిర్ణయంతో క్షేమంగా దిగిన రోజున కూడా మనల్ని మనం మెచ్చుకుంటాం.

సోలో

తర్వాత నాలుగు రోజులు ఆ విమానం ఇన్‌స్పెక్షన్‌లో ఉంది. నాలుగు రోజుల ఖాళీ తర్వాత నేరుగా పంపడం నాకు ఇష్టం లేదు. ఐదో రోజు ఉదయం ఆరున్నరకి మూడు డ్యూయల్ సర్క్యూట్లు. మూడూ స్థిరంగా ఉన్నాయి. ఈసారి నేను అడగలేదు. "గాలి లేదు సర్, నేను రెడీ" అన్నాడు.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే దిగాను. ఎప్పుడూ ఇంజిన్ నడుస్తుండగా దిగితే రెక్క వెనక నుంచే వెళ్లాలి. దిగే ముందు నా సీటు బెల్టులు బిగించి కట్టాను, వదులుగా ఉంటే యోక్‌కి చుట్టుకునే ప్రమాదం ఉంది. హెడ్‌సెట్ తీసి నాతో తెచ్చుకున్నాను. తలుపు గడియ బయట నుంచి లాగి చూశాను.

చెప్పింది రెండే విషయాలు. నా 82 కిలోలు లేకపోతే విమానం బరువు 730 నుంచి 650 దగ్గరకి దిగుతుంది. అందుకని త్వరగా లేస్తుంది, వేగంగా ఎక్కుతుంది, దిగేటప్పుడు ఎక్కువసేపు తేలుతుంది. బరువు 11 శాతం తగ్గితే స్టాల్ స్పీడ్ సుమారు 6 శాతం తగ్గుతుంది కాబట్టి, లెక్క ప్రకారం ఫైనల్ స్పీడ్‌ని 65 నుంచి 61కి తగ్గించవచ్చు. తగ్గించమని చెప్పలేదు. సోలో రోజున కొత్త అంకె ఇవ్వడం కంటే, పొడవైన రన్‌వే మీద వంద మీటర్లు ఎక్కువ తేలనివ్వడం మేలు. రెండో విషయం, ఒకే సర్క్యూట్, ఫుల్ స్టాప్. నచ్చకపోతే ఎన్నిసార్లయినా గో అరౌండ్, ట్యాంకుల్లో రెండు గంటల పెట్రోలు ఉంది.

విండ్‌సాక్ పక్కన హ్యాండ్‌హెల్డ్ రేడియోతో నిలబడ్డాను. ప్రమాదం ఉంటే తప్ప మాట్లాడనని ముందే అనుకున్నాం. టేకాఫ్ అనుకున్నదానికంటే ముందే అయింది. డౌన్‌విండ్ కాల్ గొంతు మామూలుగానే ఉంది. బేస్ టర్న్ తర్వాత నా బొటనవేలు రేడియో బటన్ మీదకి వెళ్లింది. తీసి, రేడియోని ఎడమ చేతిలోకి మార్చుకున్నాను.

రన్‌వే మొదలు దాటాడు. ఫ్లేర్ సరైన ఎత్తులో మొదలైంది. తేలింది. మామూలుగా దిగే చోటు దాటిపోయింది, ఇంకా తేలుతోంది. డ్యూయల్‌లో అయితే నేను నాలుగుసార్లు మాట్లాడేవాణ్ణి. అతను ముందుకు తోయలేదు, లాగి పైకి లేపలేదు, పట్టి ఉంచాడు. 150 మీటర్ల అవతల మెయిన్ వీల్స్ తాకాయి, ముక్కు చక్రం తర్వాత నెమ్మదిగా దిగింది. దూరం నుంచి ఏమీ వినపడదు కానీ, తేలినంతసేపూ పట్టు, పట్టు అనుకుంటూనే ఉన్నానని తర్వాత చెప్పాడు. ఆనవాయితీ ప్రకారం బ్యాచ్ వాళ్లు బకెట్లతో నీళ్లు పోశారు. లాగ్‌బుక్‌లో పైలట్ ఇన్ కమాండ్ కాలమ్‌లో పది నిమిషాలు. అప్పటికి మొత్తం డ్యూయల్ 31 గంటల 20 నిమిషాలు. సాయంత్రం వాళ్ల నాన్నగారు నాకు ఫోన్ చేశారు. "మావాడికి మీరు చెప్పిన దాంట్లో ఏది పనికొచ్చింది సర్?" అని అడిగారు. నేను చెప్పడం తగ్గించాకే వచ్చిందండీ అన్నాను.

తర్వాత

అప్పటి నుంచి నా పద్ధతిలో కొన్ని మార్చుకున్నాను. ఏ విద్యార్థికైనా పది గంటల దగ్గర ఒక సార్టీ రికార్డు చేసి, నా మాటలే లెక్కపెడతాను. ఫైనల్‌లో ఐదు దాటితే ఆ సార్టీలో అతను నేర్చుకున్నది తక్కువని రాసుకుంటాను. 15 గంటల దగ్గర అడగకుండానే ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక సార్టీ పెట్టిస్తున్నాను. కుషన్ల మీద ఇప్పుడు అందరి పేర్లూ ఉన్నాయి. రవికి కుషన్ 20 గంటల దగ్గర కాకుండా రెండో రోజే ఇచ్చి ఉంటే, నా మాటల సంగతి నాలుగో వారం కాకుండా రెండో వారంలోనే బయటపడేది. అతనికి కనీసం ఏడెనిమిది గంటల డబ్బు మిగిలేది. ఆ సంగతి అతనికీ చెప్పాను.

రవి విషయంలో అన్నీ తీరిపోలేదు. క్రాస్‌విండ్ ల్యాండింగ్‌లు ఇప్పటికీ బలహీనమే, రడ్డర్ (ముక్కును ఎడమకీ కుడికీ తిప్పే తోక పలక) ఆలస్యంగా వాడతాడు. 152కి తయారీదారులు చూపించిన క్రాస్‌విండ్ 12 నాట్లు. అతని సోలోలకి నేను 6 దాటనివ్వడం లేదు. ఈ వారం ఉదయం పూట 7, 8 నాట్ల గాలి వచ్చినప్పుడు డ్యూయల్ తీసుకెళ్తున్నాను. రన్‌వే మీద తక్కువ ఎత్తులో, ఒక రెక్క గాలి వైపు వంచి, రడ్డర్‌తో ముక్కు నేరుగా ఉంచుతూ అదే 39 సెకన్ల రన్ చేయిస్తున్నాను. మాటలు అతనివే.